అక్క పోయాక ఫోన్లో చదువుకున్న ఆరు పాఠాలు

అక్క పోయింది 2022 అక్టోబర్‌లో. డెంగ్యూ. తనకి ఇరవై ఏళ్ళు, నాకు పదహారు. నేనప్పుడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మాది తెనాలి. నాన్న రైస్ మిల్లులో గుమస్తా, అమ్మ ఇంటిపట్టునే ఉంటుంది. రెండు గదుల ఇల్లు.

వచ్చిన చుట్టాలందరూ నాన్న చేతులు పట్టుకున్నారు, అమ్మని వాటేసుకుని ఏడ్చారు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం భుజం మీద చెయ్యి వేసి ఒకటే మాట: "అమ్మానాన్నలకి ఇక నువ్వే దిక్కురా, నువ్వు ధైర్యంగా ఉండాలి." పెద్దకర్మ అయ్యేలోపు ఆ మాట ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ, ఈ ఇంట్లో ఏడ్చే వంతు నాది కాదని నాకు అర్థమవుతూ వచ్చింది. కన్నబిడ్డ పోయిన తల్లిదండ్రుల దుఃఖం ముందు తమ్ముడి దుఃఖం ఎవరి కంటికీ ఆనదు. నా కంటికే ఆనలేదు.

నెల తిరక్కుండా కాలేజీకి వెళ్ళాను. మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాశాను, మంచి మార్కులే వచ్చాయి. "పిల్లాడు చదువులో పడ్డాడు, అదే మేలు" అనుకున్నారు అందరూ. పరీక్షలు అయిపోయాక మొదలైంది అసలు సంగతి. పగలంతా పని లేదు, రాత్రంతా నిద్ర లేదు. అక్క మంచం మీద పడుకోమనేది అమ్మ. నేను కింద చాప వేసుకునేవాణ్ణి. రెండు, మూడు దాకా ఫ్యాన్ వంక చూస్తూ ఉండేవాణ్ణి. అన్నం సహించేది కాదు. ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ణి కాదు. అక్క స్కూటీ వరండాలో పాత దుప్పటి కప్పుకుని ఉండేది. దాని పక్కనించి వెళ్ళాల్సి వస్తుందని వెనక గుమ్మంలోంచి బయటికి పోయేవాణ్ణి.

మే నెలలో ఒక రాత్రి "అక్క చనిపోయాక నిద్ర రావడం లేదు" అని ఫోన్లో తెలుగులో కొట్టి వెతికాను. వచ్చినవేంటంటే, చనిపోయినవాళ్ళు కలలోకొస్తే ఏమవుతుంది, ఏ శాంతి చేయించాలి, ఏ నక్షత్రంలో పోతే ఇల్లు ఎన్నాళ్ళు మూసిపెట్టాలి. మా అక్క నక్షత్రం గురించి కూడా ఒకటి ఉంది. అది చదివి ఇంకా భయమేసింది. తర్వాత ఇంగ్లీషులో వెతికాను. అప్పుడు దొరికింది ఆ కోర్సు. విదేశీయులు చేసినది, ఉచితం. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల కోసం. ఆరు పాఠాలు, వారానికొకటి. కౌన్సెలర్ ఎవరూ ఉండరు. మనమే చదువుకోవాలి, చిన్న చిన్న వీడియోలు చూడాలి, అడిగినవాటికి జవాబులు రాయాలి, చెప్పిన పనులు చెయ్యాలి. అసలు పేరు ఇవ్వక్కర్లేదు అన్నారు కాబట్టి ముద్దుపేరు ఇచ్చాను.

మొదటి పాఠానికి ముందే కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఇలాంటివి. ఏడో ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది. బతకాలని లేదనిపించిందా అని అడిగారు. ఎప్పుడూ లేదు, కొన్నిసార్లు, తరచుగా. అక్క దగ్గరికి వెళ్ళిపోతే బాగుండు అని అప్పటికి చాలాసార్లు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు కూడా లేరు. "కొన్నిసార్లు" నొక్కాను. స్క్రీన్ మారిపోయింది. ఈ కోర్సు నీకు ఒక్కటే సరిపోదు, ముందు ఒక మనిషితో మాట్లాడు అని రాసి కింద ఫోన్ నంబర్లు ఇచ్చారు. అన్నీ వాళ్ళ దేశం నంబర్లు.

మన దేశంలో అలాంటిది ఉందా అని వెతికితే టెలీమానస్ దొరికింది, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైందట, సరిగ్గా అక్క పోయిన నెలలోనే. డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. మేడ మీదికి వెళ్ళి చేశాను. భాష ఎంచుకోమంది, తెలుగు నొక్కాను. ఒకావిడ ఎత్తారు. "చెప్పు నాన్నా" అన్నారు. నాకు మాట రాలేదు. ఆవిడ ఫోన్ పెట్టెయ్యకుండా, తొందరపెట్టకుండా, అలాగే ఉన్నారు. తర్వాత అంతా చెప్పాను. చచ్చిపోవాలని ఉందా, ఎలా అని ఏమైనా అనుకున్నావా అని నేరుగా అడిగారు. లేదు, ఊరికే అలా అనిపిస్తుంది అన్నాను. రాత్రి అన్నం తిన్నావా అని అడిగారు. ఆఖర్న ఒక మాట అడిగారు: "ఇంట్లో ఇది ఎవరికి చెప్పగలవు?" అమ్మానాన్నలకి చెప్పలేనన్నాను. "మరి ఎవరికి?" కాసేపు ఆలోచించి పిన్నికి అన్నాను.

పిన్ని అమ్మ చెల్లెలు, పొన్నూరులో అంగన్‌వాడీ టీచర్. మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. కంగారు పడుతుందనుకున్నాను. "ఆదివారం వస్తున్నా. ఆ పాఠమేంటో నాకూ చూపించు" అంది. ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. ఇద్దరం మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేవాళ్ళం. తనకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే నాకు పాఠం ఎక్కింది అలా చెప్పడంలోనే.

మొదటి పాఠం శరీరం గురించి. నిద్ర ఎందుకు పోతుంది, గుండెలో బరువు ఎందుకు, మెల్లగా ఊపిరి వదలడం ఎలా. పనికొచ్చేదే, కానీ దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు.

రెండో పాఠం నాకు బాగా గుర్తుంది. దుఃఖానికి ఐదు మెట్లు ఉంటాయని నేను ఎక్కడో రీల్‌లో చూసి, నేను ఏ మెట్టు మీదున్నానా అని లెక్కేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆ ఐదు మెట్ల మాట 1969లో ఎలిజబెత్ కుబ్లర్ రాస్ చెప్పిందట, అదీ తమకి చావు దగ్గరపడిందని తెలిసిన రోగుల గురించి. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు వరసగా అలా మెట్లు దిగుతారని లేదు. దాని బదులు ఈ పాఠంలో ఇంకోటి చెప్పారు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు రాసింది. దుఃఖంలో ఉన్న మనిషి ఒకసారి పోయినవాళ్ళ వైపు వెళ్తాడు, ఒకసారి బతుకు వైపు వస్తాడు. పొద్దున ఫొటో చూసి ఏడుస్తాడు, మధ్యాహ్నం కరెంటు బిల్లు కట్టి వస్తాడు. ఆ అటూ ఇటూ తిరగడమే దుఃఖం నడిచే తీరు. ఒక్క వైపే ఉండిపోతేనే కష్టం.

ఆ పాఠం నాకు సరిగ్గా అందాల్సిన వారంలోనే అందింది. మే 29 రాత్రి ఐపీఎల్ ఫైనల్, చెన్నైకీ గుజరాత్‌కీ. అంబటి రాయుడికి అదే ఆఖరి మ్యాచ్. గుంటూరువాడు కాబట్టి మా వీధంతా మేలుకుని ఉంది. వాన వల్ల అర్ధరాత్రి దాటిపోయింది. ఆఖరి బంతికి జడేజా ఫోర్ కొట్టగానే నేను గట్టిగా అరిచి గంతేశాను. ఆ వెంటనే గోడ మీద దండ వేసిన అక్క ఫొటో కనిపించింది. చెంప మీద కొట్టినట్టయింది. అక్క లేకుండా ఇంత సంతోషమా నాకు అని తెల్లారేదాకా కుమిలిపోయాను. ఆ ఆదివారం పాఠం చదివి పిన్నికి చెప్తుంటే తను అంది: "నీకంటే మీ అక్కే ఎక్కువ అరిచేది కదరా." నిజమే. రిమోట్ లాక్కుని మరీ చూసేది.

మూడో పాఠం దగ్గర ఆగిపోయాను. పదహారు రోజులు ఆ కోర్సు తెరవలేదు. రోజూ మెయిల్ వచ్చేది, నీ పాఠం నీకోసం ఎదురుచూస్తోంది అని. చూడకుండానే తీసేసేవాణ్ణి. అది తప్పు చేశాననే ఆలోచన గురించిన పాఠం.

అక్కకి జ్వరం మొదలైన నాలుగో రోజు ఒళ్ళు చల్లబడింది. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. అమ్మ చారన్నం కలిపింది. అక్క రెండు ముద్దలు తిని వాంతి చేసుకుంది. మధ్యాహ్నం నేను ట్యూషన్‌కి బయల్దేరుతుంటే, "కడుపులో నొప్పిగా ఉందిరా, కాసేపు ఉండవా" అంది. "టెస్ట్ ఉందే, రాగానే కూర్చుంటా" అని వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి తన చేతులు మంచులా ఉన్నాయి. గుంటూరు తీసుకెళ్ళాం. మర్నాడు పొద్దున్నే పోయింది.

డెంగ్యూలో జ్వరం తగ్గే వేళే ప్రమాదం మొదలయ్యే వేళ అని నాకు తర్వాత తెలిసింది. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, ఒళ్ళు చల్లబడుతున్నప్పుడు కొందరిలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది. ఆగని కడుపునొప్పి, వాంతులు, చల్లబడ్డ చేతులు కాళ్ళు, ఇవి ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు. ఇది చదువుతున్న ప్రతి ఒక్కరూ దయచేసి గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిశాక మాత్రం, ఆ మధ్యాహ్నం నేను ఉండిపోయి ఉంటే, ఆ మాట అమ్మకి చెప్పి ఉంటే అనే ఆలోచన అప్పటికి ఎనిమిది నెలలుగా నన్ను తినేస్తూ ఉంది. ఆ మాట అమ్మకి, నాన్నకి, పిన్నికి, ఎవరికీ చెప్పలేదు.

పదిహేడో రోజు పిన్ని ఫోన్ చేసింది. రెండు ఆదివారాలు సెంటర్ పని వల్ల రాలేకపోయింది. "పాఠం ఎంతవరకొచ్చింది" అంది. ఆగిందన్నాను. ఎందుకని అడగలేదు. "సరే, ఈ వారం వస్తా, కలిసి తెరుద్దాం" అంది.

ఆ పాఠంలో చెప్పిన పని ఇది. ఒక గుండ్రం గియ్యాలి. జరిగినదానికి కారణాలన్నీ పక్కన రాయాలి, మన పేరు మాత్రం చివర రాయాలి. తర్వాత గుండ్రంలో ఒక్కొక్క కారణానికి దాని వాటా గీసి ఇవ్వాలి. మన వాటా అన్నిటికంటే ఆఖర్న. ఫోన్లో చిన్న చిన్న పెట్టెలు ఇచ్చారు, అందులో పది మాటలు పట్టవు. పాత ఫిజిక్స్ రికార్డు పుస్తకం తెచ్చి, వృత్తలేఖినితో గీశాను. గీసే ముందు, నీ తప్పు వందలో ఎంత అనుకుంటున్నావో రాయమన్నారు. తొంభై అని రాశాను. పిన్ని అది చూసి ఏమీ అనలేదు, నా వీపు మీద చెయ్యి వేసింది.

కారణాలు పిన్నే అడుగుతూ రాయించింది. డెంగ్యూ వైరస్. దోమ. వీధి చివర వానలకి నిలిచిపోయిన నీళ్ళు. జ్వరం తగ్గితే నయమైనట్టే అని ఊరందరం నమ్మడం. ముందు చూపించిన చోట ఈ గుర్తుల గురించి ఎవరూ చెప్పకపోవడం. అక్క కూడా తనకేం కాదనుకోవడం. ఒంట్లో ఆ జబ్బు అంత వేగంగా ముదరడం. ఇవన్నీ గీశాక మిగిలిన చోట నా పేరు రాయబోతే, పెన్సిల్ ములికి పట్టేంత సందు ఉంది. పక్కన రాయమన్నారు, ఆ రోజు నీకు ఏం తెలుసు, ఏం తెలియదు అని. తెలిసింది: అక్కకి కడుపునొప్పి, నాకు టెస్ట్. తెలియనిది: అది ఆఖరి మధ్యాహ్నమని.

అప్పుడు ఏడుపొచ్చింది. ఎనిమిది నెలల తర్వాత, మేడ మీద, పిన్ని ఒళ్ళో. చాలాసేపు ఏడ్చాను. దాంతో భారం దిగిపోయిందని చెప్పను. ఆ రాత్రి కూడా నిద్ర పట్టలేదు. తర్వాత కూడా ఆ మధ్యాహ్నం గుర్తుకొస్తూనే ఉంది. కాకపోతే గుర్తుకొచ్చినప్పుడల్లా ఆ గుండ్రం కూడా గుర్తుకొస్తుంది.

నాలుగో పాఠం ఉత్తరం. పోయినవాళ్ళకి రాయాలి, గడియారం పెట్టుకుని పదిహేను నిమిషాలు, వరసగా నాలుగు రోజులు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ కాలేజీ విద్యార్థులతో ఇలాగే రాయించి చూశారట. రాసిన వెంటనే మనసు ఇంకా పాడవుతుంది, తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు ఆస్పత్రి మెట్లెక్కడం తగ్గింది. మొదటి రోజు కోర్సు పేజీలోనే ఇంగ్లీషులో రాశాను. డియర్ సిస్టర్ అని మొదలుపెట్టాను. నాలుగు లైన్లు రాసి చదువుకుంటే సెలవు చీటీలా ఉంది. నా జీవితంలో అక్కని నేను సిస్టర్ అని పిలిచింది లేదు. ఫోన్ పక్కన పడేసి లాంగ్ నోట్‌బుక్ తీశాను. "ఒసేయ్ అక్కా" అని రాశాను. అలాగే పిలిచేవాణ్ణి, అమ్మ తిట్టినా. ఆ ఒక్క మాట రాయగానే చెయ్యి ఆగలేదు. "నీ ఛార్జర్ నేనే వాడుతున్నా. నీ మంచం మీద పడుకోవడం లేదు, నువ్వొస్తే లేపుతావని. రాగానే కూర్చుంటా అన్నా కదా, వచ్చాను, నీకు మెలకువ లేదు." నాలుగు రోజుల్లో పదకొండు పేజీలు అయ్యాయి. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఐదో పాఠానికి, మనం తప్పించుకు తిరుగుతున్నవన్నీ రాసి, తేలికదాని నుంచి కష్టమైనదానికి ఒక్కో మెట్టు ఎక్కాలి. నా కాగితంలో పైనున్నది స్కూటీ. మొదటి రోజు దుప్పటి తీశాను, అంతే. రెండో రోజు తుడిచాను. మూడో రోజు బండి స్టాండ్ మీద ఉండగానే ఎక్కి కూర్చున్నాను. అద్దం తన ఎత్తుకి సరిపోయేలా వంచి ఉంది, నా మొహం కనిపించలేదు. దాన్ని కదపలేదు. ఇంకో రోజు సీటు ఎత్తాను. లోపల ఒక నల్ల క్లిప్పు, దానికి రెండు వెంట్రుకలు, పెట్రోల్ బంకు చీటీ, దగ్గుబిళ్ళ ఒకటి. చీటీ మీద అంకెలు వెలిసిపోయాయి. అవన్నీ అక్కడే ఉంచి సీటు మూశాను. మొత్తం పది రోజులు పట్టింది వీధి చివరిదాకా నడపడానికి. అంతకు ముందు మెకానిక్ వచ్చి బ్యాటరీ మార్చాడు. బండి చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. ఎవరొచ్చారనుకుందో నాకు తెలుసు. గుమ్మంలో నన్ను చూసి నిలబడిపోయింది. ముందుగా అమ్మకి చెప్పాల్సింది. ఆ పాఠంలో ఎక్కడా ఆ సంగతి లేదు. ఇల్లంతా ఒకే దుఃఖంలో ఉన్నప్పుడు ఒకరు ఎక్కే మెట్టు ఇంకొకరి గుండె మీద పడుతుంది.

ఇంకా కొన్ని మాకు పొసగలేదు. నీ గది తలుపు వేసుకుని చెయ్యి అనేవాళ్ళు. మాకు గదికి తలుపే లేదు, కర్టెన్. మీ స్కూల్ కౌన్సెలర్‌తో చెప్పు అనేవాళ్ళు. మా కాలేజీలో అలాంటి మనిషి లేరు. అంత్యక్రియల్లో నువ్వేం మాట్లాడావు అని ఒక ప్రశ్న ఉంది. మన దగ్గర ఎవరూ మాట్లాడరు, అదీగాక ఆ మూడు గంటలు నాకు ఏమీ గుర్తు లేవు. తెలుగులో, మన ఇళ్ళని, మన వావివరసల్ని తెలిసినవాళ్ళు రాసిన ఇలాంటి కోర్సు ఒకటి ఉంటే ఎంత బాగుండు అని ప్రతి పాఠంలోనూ అనిపించింది. అక్క పోయిన తమ్ముడు తెలుగులో వెతికితే నక్షత్ర దోషం కాకుండా ఒక మంచి మాట దొరకాలి.

ఫోన్లో చదువుకుంటే చాలని నేను ఎవరికీ చెప్పను. నా విషయంలో పదిహేడో రోజు పిన్ని ఫోన్ చెయ్యకపోతే మూడో పాఠం దగ్గరే నా కోర్సు అయిపోయి ఉండేది. మెయిళ్ళు తెరిపించలేకపోయాయి. పక్కన ఒక మనిషి ఉండి నడిపిస్తే ఇలాంటివి ఇంకా బాగా పనిచేస్తాయని పరిశోధనలు కూడా చెప్తున్నాయి. ఇంకోటి. 2022లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, ఎంతకీ తగ్గని దుఃఖాన్ని వైద్యం కావాల్సిన స్థితిగా లెక్కలోకి తీసుకుంది. పెద్దవాళ్ళకి ఏడాది, పిల్లలకీ టీనేజర్లకీ ఆరు నెలలు గడువు పెట్టారు. ఆరు నెలలు దాటినా దాదాపు ప్రతిరోజూ అంతే తీవ్రంగా ఉండి చదువు, తిండి, స్నేహాలు ఆగిపోతే డాక్టర్‌కి చూపించాలి. బతకాలని లేదనే ఆలోచన ఉంటే ఆరు నెలలు కాదు, ఆ రోజే. నేను 14416కి మొత్తం మూడుసార్లు చేశాను. చెయ్యడానికి సిగ్గు పడలేదు.

ఆరో పాఠం పోయినవాళ్ళతో బంధం గురించి. మర్చిపోతేనే కోలుకున్నట్టు అని ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో అనుకునేవాళ్ళట. 1996 ప్రాంతంలో డెనిస్ క్లాస్, ఇంకొందరు పరిశోధకులు అలా కాదు, బంధం కొనసాగుతుంది, రూపం మారుతుందంతే అని రాశారు. ఇది చదివి వినిపిస్తే పిన్ని, "మనం ఏటేటా విస్తరి వేసి పెట్టేది ఎందుకనుకున్నారు మరి" అంది. ఒక పెట్టె చేసుకోమన్నారు. అక్క ట్రంకు పెట్టెలోనే పెట్టాను: క్లిప్పు, చీటీ, తను ముగ్గులు వేసుకున్న చుక్కల పుస్తకం, నా నోట్‌బుక్.

సెప్టెంబర్‌లో ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్ళాను. అక్టోబర్‌లో అక్క సంవత్సరీకానికి ఇంటికొచ్చాను. చుట్టాలందరూ వెళ్ళిపోయాక రాత్రి అమ్మ ఆ ట్రంకు పెట్టె తెరిచి కూర్చుని ఉంది. చేతిలో ఫిజిక్స్ రికార్డు. దాన్ని నేను నోట్‌బుక్ కింద పెట్టి మర్చిపోయాను. "ఇదేంటిరా, ఈ గుండ్రం" అంది. చెప్పాను. ఆ మధ్యాహ్నం సంగతి కూడా, మొదటిసారి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నాతోనూ చెప్పిందిరా, నొప్పి అని. వాము నీళ్ళు ఇచ్చి పడుకోబెట్టాను."

ఏడాదిగా ఒకే మాటని ఇద్దరం చెరో గదిలో మోస్తున్నాం.

అమ్మ రికార్డులో తెల్ల పేజీ తీసింది. వృత్తలేఖిని కోసం నేను వెతుకుతుంటే, చేతి గాజు తీసి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పింది. పక్కన మొదటి లైనులో పెద్ద అక్షరాలతో "నేను" అని రాసింది.

"నీ పేరు చివర రాయాలమ్మా" అన్నాను.

రబ్బరు అడిగింది. ఇచ్చాను.